మోకు బిగిసేదాకా

నేను డిగ్రీ పాసయ్యాను.

మొన్న శుక్రవారం సింగపూరు రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసు కంప్యూటర్ మీద ఫలితం చూసుకున్నాను. అప్పటి నుంచి ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. పక్క సీటు తమిళ అబ్బాయికి చెప్పాను. లిఫ్టులో ముక్కూ మొహం తెలియని చైనా ఆయనకి చెప్తే "వా, గుడ్ లా!" అని, ఇక్కడ అందరూ మాట చివర పెట్టే 'లా' తగిలించి, చెయ్యి కలిపాడు. కింద కాఫీ కలిపే ఆంటీ ఆ పూట పాలు రెండింతలు పోసింది. కరీంనగర్ దగ్గర మా ఊరికి ఫోన్ చేస్తే, లారీ తోలే మా నాన్న ఎత్తాడు. "ఆగు బిడ్డా, ఇంకోపాలి చెప్పు. గట్టిగ చెప్పు, అందరింటరు," అని ఫోన్ పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు. అక్కడ లారీల అడ్డాలో ఉన్నవాళ్ళందరికీ వినబడాలని నేను ఇక్కడ మా ఆఫీసు కింది బ్యాంకు మెట్ల మీద నిలబడి కేకేశాను. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ డిగ్రీ పాసైన మనిషి నాకు ముందు ఒక్కరూ లేరు.

ఆ ఊపులోనే నా వేళ్ళు ఇంకో నంబరు నొక్కేశాయి. సెంగ్‌కాంగ్‌లో నేను ఇదివరకు ఒక గది అద్దెకు తీసుకుని ఉన్న ఫ్లాటు నంబరు. అవతల మోగుతుండగా గుర్తొచ్చింది, ఎత్తాల్సిన ఇంటావిడ కిందటి వానల్లో పోయిందని. పెట్టేసేలోపే ఎవరో ఎత్తారు.

"హలో?"

ఆవిడ కూతురు. ఇల్లు సర్దడానికి వచ్చినట్టుంది.

"అక్కా, నేను..." అన్నాను. 

అక్క నా గొంతు గుర్తుపట్టింది. "న్యూస్ ఉందా? గుడ్ న్యూస్, ఇజ్ ఇట్?" అంది. ఆమె ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి ఇంగ్లిషే ఎక్కువ వస్తుంది. "ఫోన్‌లో వద్దు లా. సండే రా. బోట్‌లో చెప్పు."

పడవలో చెప్పు అన్నది ఆ ఇంట్లో ఎవరి మాటో నాకు తెలుసు.

ఆ ఇంటావిడని నేను ఆంటీ అనే పిలిచాను. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఆంటీలూ అంకుల్సే కాబట్టి, పేరు తెలిసీ ఎప్పుడూ వాడలేదు. భీమిలి వైపు చేపలు పట్టే కుటుంబంలో పుట్టింది. అయితే వాళ్ళ వాడలో ఆడవాళ్ళు పడవెక్కేవారు కాదట. మగవాళ్ళు తెచ్చింది గట్టు మీద తట్టకెత్తుకుని అమ్మడం వరకే ఆడవాళ్ళ పని. పెళ్ళయి సింగపూరు వస్తే, షిప్‌యార్డులో పనిచేసే మొగుడు పడవ కదిలితే చాలు వాంతి చేసుకునే రకం. "ఓడలు కట్టేవోడు, ఓడెక్కలేడు," అని నవ్వేది. పక్కింటి మలయ్ ముసలాయన ఒకాయన ఆవిడని పడవెక్కించాడు. ఆయనా పోయాడు, మొగుడూ పోయాడు. ఇద్దరు పొరుగువాళ్ళతో కలిసి కొన్న చిన్న మోటారు పడవ మాత్రం సెంగ్‌కాంగ్‌కి దగ్గర్లో ఒక రేవులో మిగిలింది. ఆదివారం తెల్లవారుజామున ఆవిడ వంతు.

నైటీ మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా, తల మీద వెదురు టోపీ, నోట్లో లవంగం. పడవలో ఆవిడ వేషం అది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నా బట్టలకి వంకలు పెట్టేది ఈ వేషం వేసుకునే మనిషే.

కంప్యూటర్ పని అంటే చాలు, డిప్లొమా ఉన్నవాళ్ళని కూడా విమానాలెక్కించి తెచ్చుకున్న రోజుల్లో వచ్చినదాన్ని నేను. పగలు ఉద్యోగం, సాయంత్రం డిగ్రీ క్లాసులు. వచ్చిన కొత్తలో ఆంటీ అడిగింది.

"ఆపీసులో ఏటి సేస్తావు పిల్లా?"

"టెస్టింగ్ ఆంటీ. వేరేటోళ్ళు రాసిన ప్రోగ్రాములల్ల తప్పులు దేవులాడుత."

"ఊరందరి తప్పులూ ఎతికితే జీతమిస్తారా? నాను ఇన్నాళ్ళూ ఊరికే ఎతికేసినాను కదేటి!"

ఆ రోజు నుంచి నేను 'కంప్యూటరమ్మ'ని.

నన్ను మొదటిసారి పడవెక్కించినప్పుడే సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం కూడా నాకు మొదలు. ఏరు సముద్రంలో కలిసేచోట, నడి నీళ్ళలో, ఎప్పుడో కూల్చేసిన రేవు తాలూకు గుంజలు గుంపుగా నిలబడి ఉండేవి. నల్లగా, ఆల్చిప్పలు పట్టి. ఆంటీ వాటికి చాలా దూరంలోనే మోటారు ఆపించింది.

"అగో, అక్కడ గదా గుంజలు? ఇంకా దగ్గరికి పోదాం," అన్నాను.

"పోదాం. బేండు మేళం కూడా ఎట్టుకుని పోదాం. సేపలన్నీ లేసి దండాలెడతాయి."

లంగరు విసరనివ్వలేదు. చంటిపిల్లని నీళ్ళలో దింపినట్టు రెండు చేతులతో మెల్లగా దింపమంది. తర్వాత లంగరు తాడు, ఆవిడ మాటలో మోకు, కొంచెం కొంచెంగా వదులుతుంటే, నీటి వడికి పడవ తనే వెనక్కి జరుగుతూ గుంజల పక్కకి వచ్చింది. నేను ఆ వారం ఆఫీసులో మేనేజరు మెచ్చుకున్న సంగతి చెప్పబోయాను. ఆంటీ అరచెయ్యి ఎత్తింది.

"మోకు బిగిసేదాకా ఏ కబురూ సెప్పకు. మంచీ వద్దు, సెడ్డా వద్దు."

"ఎందుకు?"

"కబురింటే మనిషి ఇటు తిరుగుతాడు. మనిషి తిరిగితే సిన్న పడవ తిరిగిపోద్ది. అంతే. దేవుడూ లేడు, దెయ్యమూ లేదు."

మోకు తడి కారుతూ బిగిసింది. పడవ నిలబడింది. అప్పుడు ఆవిడ రెండు వేళ్ళు ఉప్పునీళ్ళలో ముంచి ఎడమ చెంప తడుపుకుంది. గంగమ్మకి మొక్కుకుంటోందేమో అనుకుని నేనూ తడుపుకుని కళ్ళకద్దుకున్నాను. ఆంటీ పడీ పడీ నవ్వింది. ఆ చెంపకి గాలి తగిలితే గాలెటు ఉందో తెలుస్తుందట. తెల్లవారుజామున గాలి ఏటి మీంచి వస్తుంది, సముద్రం వెనక్కి తగ్గే పాటు నీళ్ళూ అటునుంచే వస్తాయి. గుంజల వైపు తిరిగి కూర్చుంటే ఎడమ చెంప చల్లబడాలి. అలా చల్లబడితే పడవ ఉండాల్సిన చోట ఉన్నట్టు.

నేను గాలం విసిరాను. నేరుగా గుంజ మీదకే. ఎరగా గుచ్చిన రొయ్య చెక్కకి తగిలి చితికింది.

"ఓలమ్మో! గుంజకి పెడతావేటి మకాన్? గుంజ తినదు," అంది. మకాన్ అంటే ఇక్కడ భోజనం. "పండుగప్ప ఆ గుంజ ఎనకాల, నీటికి ఎదురు మూతెట్టుకుని కూకుంటాది. అది దాని చోటు. చోప్ సేసుకుంది."

తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్లో భోజనం తెచ్చుకునేలోపు బల్ల మీద టిష్యూ ప్యాకెట్టో గొడుగో పెట్టి చోటు పట్టుకోవడాన్ని ఇక్కడ చోప్ అంటారు. చేప కూడా గుంజ వెనకాల చోప్ చేసుకుంటుందని ఆవిడే చెప్పింది.

"దాని నెత్తిన పడెయ్యకు, అదిరిపోద్ది. గుంజకి ఎగువన ఇసురు. ఇసిరి ఊరుకో. నీళ్ళే దాన్ని తీసుకెళ్ళి మూతి ముందర ఎడతాయి. పని నీళ్ళది. మనది కూకోవడం."

అంటుందేగానీ ఆవిడ కూర్చునేది కాదు. పడవ జానెడు తప్పినా ఊరుకునేది కాదు. మోకు వదులు, లాగు, ఇంకాస్త, ఎక్కువైంది, చెంప చల్లగా లేదు. ఒక్కోసారి గంట గడిచినా గాలం నీళ్ళలో పడేది కాదు. విసుగొచ్చి, "ఆంటీ, పడవ ఏడుంటేంది, జర అటు తిరిగి ఇసిరితే అయిపాయె గదా?" అంటే, "తిరిగి ఇసిరేవోళ్ళు ఇసురుతారు. నాకు ఇలగే కావాల," అనేది. మొండితనం అనుకున్నాను. ముసలివాళ్ళకి ఉండే చాదస్తం అనుకున్నాను.

ఇంట్లోనూ అంతే. చేప వేయించే ముందు వంటింటి కిటికీ దగ్గర చెంప తడుపుకుని, పొగ పక్కింటివాళ్ళ మీదికి పోయేట్టుంటే కాసేపు ఆగేది. నేను భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకుంటే ఎదురుగా కూర్చుని వెల్లుల్లి వలిచేది. చదువు గురించి ఏమీ అడిగేది కాదు. ఒకసారి మాత్రం అంది.

"పాసైన రోజు ఇంట్లో సెప్పకు. పడవలో సెప్పు."

"గట్లెందుకు?"

"ఇక్కడ కుక్కరు కూతేసి సగం మింగేస్తాది. పడవలో అయితే పూర్తిగా ఇనపడతాది."

గాలానికి కట్టే తంగూసు దారం ముడి నన్నే వెయ్యమనేది, నేర్చుకుంటావని. రొయ్యని గాలానికి నన్నే గుచ్చమనేది, భయం పోతుందని. టీవీలో సీరియల్ వస్తుంటే, "ఆ అత్తగారు ఏ రంగు కట్టింది ఇవాళ?" అని వంటింట్లోంచి అడిగేది. వంటింట్లోంచి టీవీ కనబడుతుంది. అది నాకు తట్టలేదు.

తట్టింది హాకర్ సెంటర్లో. ఒక ఆదివారం పడవ దిగి భోజనానికి వెళ్ళాం. ఆంటీ ముందు నడిచి, ఖాళీ బల్ల అనుకుని వెదురు టోపీ తీసి పెట్టింది. నల్ల చొక్కా వేసుకున్న చైనా తాత ఒకాయన అక్కడ నూడుల్స్ తింటున్నాడు. టోపీ ఆయన గిన్నె మీద పడింది.

"అయ్యో ఆంటీ, హియర్ గాట్ పీపుల్ లా!"

ఆంటీ గట్టిగా నవ్వేసింది. "సారీ అంకుల్, ఐ చోప్ యూ లా," అంది. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. కానీ టోపీ తీసుకోవడానికి ఆవిడ చెయ్యి బల్ల అంచు పట్టుకుని తడుముకుంటూ వెళ్ళింది. ఆయన గ్లాసు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, అప్పుడు టోపీ అంచు దొరికింది.

 తిరుగు ట్రైన్లో ఆవిడే అంది. "మజ్జన కాస్త కనపడతాది. పక్కలన్నీ పోయినాయి. డాక్టరు, ఇంక తిరిగి రావన్నాడు. నా కూతురికి సెప్పకు పిల్లా. సెప్తే ఆ పూటే పడవ తీసేస్తాది. ఇల్లూ లిఫ్టూ, లిఫ్టూ ఇల్లూ. అదీ ఒక బతుకేనా?"

చెప్పనన్నాను. పడవ జానెడు తప్పితే ఎందుకు ఊరుకోలేదో ఆ ట్రైన్లో అర్థమైంది. ఆవిడ తిరిగి చూసి విసరలేదు. పడవ సరిగ్గా అక్కడే ఉంటే, గాలి సరిగ్గా ఆ చెంపకే తగిలితే, గుంజలెక్కడున్నాయో ఆవిడ చేతికి తెలుస్తుంది. పడవ తప్పితే సముద్రమంతా ఒక్కటే.

ఆ తర్వాత నేను లంగరు దింపే పద్ధతి మారింది. ఆవిడ ఏమీ అనకముందే నా చెంప తడుపుకునేదాన్ని.

అక్కకి ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పకుండానే అనుమానం వచ్చిందేమో. రెండు బ్లాకుల అవతలే ఉంటుంది, బడిలో టీచరు. ఒక శనివారం వచ్చి సోఫాలో కూర్చుంది. అమ్మని 'మా' అని పిలుస్తుంది.

"మా, ఎనఫ్ లా. బోట్ వద్దు ఇంక. లాస్ట్ వీక్ లిఫ్ట్ బటన్ కూడా రాంగ్ నొక్కావు. ఐ సా."

"లిఫ్టుకీ పడవకీ సంబంధమేటి? లిఫ్టులో సేపలున్నాయా?"

"ఐయామ్ నాట్ జోకింగ్, మా."

"నానూ కాదు. రేపు నువ్వే రా. నీ కళ్ళతో సూడు. నా సేతిలో గాలం సరిగ్గా పడకపోతే అప్పుడు తీసెయ్."

అక్క నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. అక్క వెనక చెక్క మీద చేతులు కట్టుకుని కూర్చుంది. మంచి షూ వేసుకొచ్చింది. నేను మెల్లగా లంగరు దింపాను. మోకు బిగిసింది. ఆంటీ చెంప తడుపుకుని, ఎడమవైపు ముందుకి విసిరింది. రొయ్య గుంజలకి ఎగువన, పడాల్సిన చోటే పడింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ అక్కడే. అక్క కట్టుకున్న చేతులు విప్పింది. నాకు లోపల ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అప్పుడు గాలి పడిపోయింది. పాటు అయిపోయి, పోటు మొదలయ్యే వేళ. నీళ్ళు కాసేపు ఎటూ కదలవు. మోకు వదులై నీళ్ళలో వేలాడింది. పడవ చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. గుంజలు మెల్లగా ఆంటీ వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆవిడ చెంప తడుపుకుంది. ఇంకోసారి తడుపుకుంది. కుడి చెంప కూడా. గాలి లేదు. నా వైపు చెవి తిప్పింది. చెప్పడానికి నోరు తెరిచాను గానీ వెనకాల అక్క ఉంది. గుంజలు వెనక్కి పోయాయని నేను చెప్తే, ఆవిడకి కనబడదనడానికి అదే సాక్ష్యం. చెప్పకపోతే... ఆంటీ ఇంకా ఆగలేదు. విసిరేసింది.

రొయ్య ఖాళీ సముద్రంలో పడింది. గుంజల మధ్య పడితే శబ్దం తిరిగి వస్తుంది. ఇది రాలేదు. ఆ రాకపోవడం ఆవిడ విన్నట్టుంది. తంగూసు తొందరతొందరగా చుట్టేసి, గాలం కర్ర ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. వెదురు టోపీ కింద మొహం కనబడలేదు.

 నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. షూ విప్పుతున్న చప్పుడు వినబడింది. తర్వాత అక్క ఉత్త కాళ్ళతో నన్ను దాటుకుని ముందుకి వచ్చింది. మోకు పట్టుకుని చేతి మీద చేయి వేసి లాగింది. లంగరు పైకొచ్చింది, బురదతో. తెడ్డు తీసుకుంది. నేను మోటారు వెయ్యబోతే వద్దని తల ఊపింది. గుంజలకి చాలా దూరం నుంచి చుట్టూ తిప్పి, అవతలి వైపుకి తీసుకెళ్ళింది పడవని. పోటు నీళ్ళు సముద్రం నుంచి వస్తాయి. ఇప్పుడు ఎగువ అంటే అదే. ఆ ఎగువ ఆంటీకి ఎడమ వైపు రావాలంటే పడవ అవతలి వైపే ఉండాలి. చిన్నప్పుడెప్పుడో నేర్చుకుని మర్చిపోయిన పని, చేతులు మర్చిపోలేదు.

"ఏటి సేస్తన్నారు?" అంది ఆంటీ.

"వెయిట్, మా. నాట్ యెట్."

లంగరుని రెండు చేతులతో దింపింది. చంటిపిల్లని దింపినట్టే. మోకు వదులుతూ, ఆపుతూ, వదులుతూ. సముద్రం మీంచి సన్నగా కొత్త గాలి మొదలైంది. మోకు బిగిసింది. అక్క వంగి రెండు వేళ్ళు నీళ్ళలో ముంచి, వాళ్ళమ్మ ఎడమ చెంప తడిపింది.

"ఇప్పుడు, మా," అంది. అచ్చంగా తెలుగులో.

ఆంటీ వెంటనే విసరలేదు. చెంప ఆరేదాకా అలాగే కూర్చుంది. తర్వాత విసిరింది. గుంజల మధ్య టుప్పుమంది శబ్దం. నీళ్ళు రొయ్యని తీసుకెళ్ళాయి. కర్ర ఒక్కసారిగా వంగింది, గుంజ పక్కన తెల్లగా ఒక పండుగప్ప గాల్లోకి లేచి తల విదిలించింది. తంగూసు తెగిపోయింది.

"పెద్దదేనా?" అంది ఆంటీ.

"వెరీ బిగ్, మా. ఇంత," అని అక్క చేతులు బారెడు చాపింది, చూడలేని మనిషికి.

"అబద్దం. పడిన సప్పుడు ఇన్నాను. కేజీ కూడా ఉండదు."

అక్క నవ్వింది. నవ్వుతూనే మొహం భుజానికేసి తుడుచుకుంది. "నెక్స్ట్ సండే ఐ ఆల్సో కమింగ్," అంది.

ఆ రోజు నుంచి లంగరు అక్కది, చేపని ఎత్తే వల నాది, విసరడం ఆవిడది. కిందటి వానలదాకా.

ఆసుపత్రికి చివరిసారి వెళ్ళినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని గుర్తుపట్టింది. "ఏమైంది కంప్యూటరమ్మా?" అంది. ఇంకా ఆఖరి పరీక్షలున్నాయన్నాను. "అయినాక అయినా ఇక్కడ సెప్పకు. ఇక్కడ గాలి లేదు," అంది. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఏసీ ఒక్కటే తిరుగుతోంది.

మొన్న ఆదివారం అక్క రేవులో నా కోసం నిలబడి ఉంది. ఉత్త కాళ్ళతో. నన్ను చూడగానే నా మొహంలో అంతా కనబడుతున్నట్టుంది, నవ్వింది. నేను నోరు తెరిచేలోపే అరచెయ్యి ఎత్తింది.

పడవ మధ్య చెక్క మీద వెదురు టోపీ పెట్టింది. మేమిద్దరం చెరో చివర కూర్చున్నాం. దూరంగా మోటారు ఆపి, లంగరు దింపాం. అక్క మోకు వదులుతుంటే గుంజలు మెల్లగా దగ్గరికొచ్చాయి.  రెండు రోజులుగా ఊరంతా చాటిన మాటే. అయినా ఎవరికీ ఇంకా చెప్పనట్టే ఉంది.

మోకు నీళ్ళలోంచి లేచి, చుక్కలు రాల్చి, బిగిసింది. చెంప తడుపుకున్నాను. ఎడమ వైపు చల్లగా తగిలింది.

"ఇప్పుడు," అంది అక్క.

నేను గుంజలకి ఎగువ వైపు తిరిగాను. నీళ్ళు అటునుంచే వస్తున్నాయి.

"ఆంటీ, నేను డిగ్రీ పాసయిన," అన్నాను, గట్టిగా.